మువ్వన్నెల వెనక చిన్న అక్షరాలు

పోయిన ఆగస్టు మొదటి వారంలో మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు నన్ను బేగంబజార్‌కు పంపారు. పంద్రాగస్టు సరంజామా తేవాలి. స్తంభానికి ఒక పెద్ద జెండా, పిల్లల చేతుల్లోకి చిన్న జెండాలు, పెద్దల చొక్కాలకు వంద బ్యాడ్జీలు, మూడు రంగుల చేతిపట్టీలు, తోరణాలు. సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా దుకాణాలన్నీ మువ్వన్నెలే. "అగ్గువది కావాల్నా సార్, మంచిది కావాల్నా?" అన్నాడు గల్లా పక్కన నిలబడ్డ కుర్రాడు. రెండూ చూపించమన్నాను. మంచిదంటే ఇంకాస్త మెరుస్తుంది, అంతే తేడా.

ఇంటికొచ్చి బ్యాడ్జీల పొట్లాం తిరగేశాను. వెనక తెల్లచీటీ అంటించి ఉంది. దిగుమతిదారు చిరునామా, లోపల ఎన్ని ఉన్నాయి, గరిష్ఠ చిల్లర ధర, అన్నిటికన్నా కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘తయారైన దేశం: చైనా’. మోసమేమీ లేదు. చట్టం అడిగిన వివరాలన్నీ చట్టం అడిగినట్టే ఉన్నాయి. బ్యాడ్జీ మీది చక్రంలో ఆకులు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు ఉండాలి, పదహారున్నాయి. మా కార్యదర్శి గారికి చూపిస్తే ఆయన కళ్లజోడు కూడా సవరించుకోకుండా, "బ్యాడ్జీ ముందు చూస్తారు గానీ వెనక ఎవరు చూస్తారండీ" అన్నారు.

దేశభక్తి సరుకు పరాయి దేశంలో తయారైందన్న సంగతి బయటపడినప్పుడల్లా మనకు అలవాటైన మాట ఒకటుంది: సిగ్గుచేటు. ఆ సిగ్గు ఎవరిదన్న దగ్గర మాత్రం లెక్క తేలదు. కొన్నవాడిదా, అమ్మినవాడిదా, తలుపు తీసిన సర్కారుదా? నాలుగు దేశాల ఉదాహరణలు పక్కపక్కన పెట్టి చూశాక నాకు కలిగిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొనేవాడి దేశభక్తిలో లోపం లేదు. ఆ భక్తి క్యాలెండర్లో రెండు వారాలకు మించి నిలవకపోవడంలో ఉంది చిక్కంతా.

ఇది ఈనాటి జబ్బు కాదు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్లో విదేశీ వస్తు బహిష్కరణ తీర్మానం చేసే నాటికే మాంచెస్టర్ మిల్లులు మన దేవుళ్ల బొమ్మలచ్చేసిన రంగుల చీటీలు తానులకు అంటించి మన రేవులకు పంపుతున్నాయి. చదువు రాని కొనుగోలుదారు మిల్లు పేరును కాదు, చీటీ మీది కృష్ణుణ్ణి గుర్తుపట్టి గుడ్డ కొనేవాడు. అగ్గిపెట్టెల మీది దేవతలు స్వీడన్‌లోను, జపాన్‌లోను అచ్చయ్యేవారు. మన పూజగదుల్లో ఇప్పటికీ దీపం వెలిగే రవివర్మ లక్ష్మీ సరస్వతుల పటాలకు మూలమైన అచ్చు కార్ఖానా 1894లో బొంబాయిలో మొదలైంది. అందులో యంత్రాలు జర్మనీవి, అచ్చు నిపుణులూ జర్మన్లే. ఎవరి భక్తిని ఎవరి యంత్రం అచ్చేస్తుందో అప్పుడూ ఎవరూ అడగలేదు.

ఇంగ్లండ్ మాత్రం అడిగింది. జర్మన్ సరుకు తమ బజార్లను ముంచెత్తుతోందని 1887లో ఒక చట్టం తెచ్చి, ఏ దేశపు వస్తువో దానిమీద రాయాలని పట్టుబట్టింది. జర్మనీ పేరు చూస్తే జనం దూరం జరుగుతారనుకున్నారు. జరిగింది తలకిందులు. కొన్నాళ్లకు జర్మనీ పేరుంటేనే గట్టి సరుకన్న నమ్మకం ఏర్పడింది. చీటీ ఎంత పెద్దదైనా, వస్తువు గట్టిదీ చవకదీ అయితే కొనే చెయ్యి ఆగదన్న పాఠం ఆనాటిదే.

ఇక మన ఖద్దరు. గాంధీజీ రాట్నం తిప్పమనగానే ఖద్దరుకు గిరాకీ పెరిగింది. గిరాకీ పెరగగానే ఖద్దరులా కనిపించే ముతక గుడ్డను మిల్లులు నేసి వదిలాయి. వడకని ఖద్దరు, మగ్గమెక్కని ఖద్దరు. చివరికి 1934లో, బ్రిటిష్ వాళ్ల హయాంలోనే, ఖద్దరు అన్న పేరును కాపాడటానికి చట్టం చేయాల్సి వచ్చింది. ఈ దేశంలో చేత్తో వడికి, ఈ దేశంలో చేమగ్గం మీద నేసిందే ఖద్దరని అర్థం కట్టారు. ఆ చట్టం పట్టించుకున్నది గుడ్డ ఎలా కనిపిస్తుందన్నది కాదు, ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది. మన జెండా కథకు కీలకం ఇక్కడే ఉంది.

ఆ కథ మన వైపే మొదలైంది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న పుట్టిన పింగళి వెంకయ్య, జాతికి ఒక జెండా ఉండాలని 1916లోనే పుస్తకం రాశాడు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగులతో నమూనా గాంధీజీ చేతికిచ్చాడు. తర్వాత తెలుపు చేరింది, మధ్యలో రాట్నం కూర్చుంది. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన ఈ వెంకయ్యకు ఊళ్లో వాళ్లు పెట్టిన పేర్లు చూడండి: కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేశాడు గనక పత్తి వెంకయ్య, జపాను భాష అనర్గళంగా మాట్లాడేవాడు గనక జపాన్ వెంకయ్య. పరాయి విత్తనం, పరాయి భాష ఆయనకు అంటరానివి కావు. పరాయిది కాకూడదన్నది ఒక్కటే, జెండా గుడ్డ.

1947 జులై 22న రాజ్యాంగ సభ జెండాను ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో అశోక చక్రం వచ్చింది. బొమ్మలో రాట్నం పోయినా గుడ్డలో మిగిలింది. జెండా ఖాదీదే అయి ఉండాలన్నది అప్పటి నియమం. స్వతంత్ర భారతంలో వస్తువులకు ప్రమాణాలు రాయడం మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి నంబరు దక్కింది జెండాకే. ఐఎస్ 1, 1951. సిమెంటు, ఉక్కు, గోధుమపిండి అన్నీ ఆ వెనక వరసలో నిలబడ్డాయి. రంగు ఛాయ, నూలు బలం, చక్రం కొలత, కుట్టు దూరం, తాడు, అన్నీ అందులో రాసి ఉన్నాయి. తొమ్మిది సైజులు: అన్నిటికన్నా పెద్దది 21 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. అన్నిటికన్నా చిన్నది బల్ల మీద పెట్టుకునే ఆరంగుళాలది.

ఆ ప్రమాణం ప్రకారం జెండా తయారు చేసే చోటు చూడాలంటే హుబ్బళ్లి పక్కన బెంగేరికి వెళ్లాలి. 1957లో ఏర్పడిన కర్ణాటక ఖాదీ గ్రామోద్యోగ సంయుక్త సంఘం అక్కడే ఉంది. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. నూలు వడకడం, నేయడం, చలువ చేసి రంగులద్దడం, చక్రం అచ్చేయడం, కుట్టడం, చివరగా తాడుకు కొయ్యబిళ్ల బిగించడం, ఇన్ని చేతులు మారాలి. చక్రం అచ్చు దగ్గర ఊపిరి బిగపట్టాల్సిందే. గుడ్డకు రెండు పక్కలా చక్రం కనపడాలి, ఇటుపక్క ఆకు మీద అటుపక్క ఆకు సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగితే జెండా పక్కకు వెళ్లిపోతుంది. మా బ్యాడ్జీ మీది పదహారు ఆకులు గుర్తొస్తాయి నాకు. అక్కడ ఇరవై నాలుగింటికి ఒక్కటి తగ్గినా జెండా కాదు. ఇక్కడ ఎనిమిది తగ్గినా అమ్ముడుపోయింది.

2002లో ఫ్లాగ్ కోడ్ వచ్చి సామాన్యుడు ఏడాది పొడవునా జెండా ఎగరేసుకునే వీలిచ్చింది. 2004లో సుప్రీంకోర్టు అది పౌరుడి హక్కేనని చెప్పింది. జెండా ఆఫీసు మిద్దె మీంచి దిగి ఇంటి గుమ్మంలోకి వచ్చింది. ఇది మంచిదే. అయితే హక్కు పెరిగినంతగా రాట్నాలు పెరగలేదు. ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో ఊహించడానికి పెద్ద ఆర్థికశాస్త్రం అక్కర్లేదు. ఫ్లాగ్ కోడ్‌కు సరిపోని జెండాల దిగుమతిని 2019లో కేంద్రం నిషేధించింది. చేత్తో వడికిన ఖాదీయే జెండా అని కోడ్ చెబుతున్నంత కాలం ఆ నిషేధం కోటగోడే. చేత్తో వడికిన నూలు ఏ పరదేశపు కార్ఖానా నుంచీ రాదు కదా.

2021 డిసెంబరు 30న కోడ్‌నే సవరించారు. చేత్తో నేసినదైనా, యంత్రం మీద వచ్చినదైనా, పత్తి, ఉన్ని, పట్టు, ఖాదీతో పాటు పాలిస్టరైనా జెండాయే. గోడ రాళ్లు అలాగే ఉన్నాయి, గోడకు అర్థం కరిగిపోయింది. ‘కోడ్‌కు సరిపోని’ జెండా రాకూడదన్న నిషేధానికి, యంత్రపు పాలిస్టరు కూడా కోడ్‌కు సరిపోయేదే అయ్యాక, మిగిలే పదును ఎంత? చైనాకు తలుపు తీశారని ప్రతిపక్షాలు అన్నాయి. పాలిస్టరు గుడ్డ నేసే సూరత్ ఇంట్లోనే ఉండగా చైనా ఎందుకని సమర్థించేవాళ్లు అన్నారు. ఇద్దరూ చెప్పనిది ఒకటుంది. 1947లో బొమ్మలోంచి పోయిన రాట్నం ఈసారి గుడ్డలోంచీ పోయింది.

ఆ సవరణ ఊరికే రాలేదు. 2022 ఆగస్టు 13 నుంచి 15 దాకా ఇంటింటా త్రివర్ణం కార్యక్రమం. లక్ష్యం 20 కోట్లకు పైగా ఇళ్లు. బెంగేరి ఆడవాళ్లు రాత్రింబగళ్లు కుట్టినా అందులో ఓ మూలకు సరిపోదు. ఈ మాట ఒప్పుకోకపోతే ఖాదీ వాదన గాలిమేడ అవుతుంది. పోస్టాఫీసుల్లో జెండా 25 రూపాయలకు అమ్మారు. పాతిక రూపాయలకు ఆ సైజు ఖాదీలో నేత కూలి కూడా రాదు. సూరత్ మగ్గాలు కోట్లలో జెండాలు దింపాయి. కొన్నిచోట్ల కొలతలు తప్పినవి, చక్రం పక్కకు జరిగినవి వచ్చి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇందులో ఒక విచిత్రం చెప్పుకోవాలి. అదే ఏడాది జులై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ జెండాలూ ఉన్నాయి. ప్లాస్టిక్ జెండా నేరమైన ఆరు వారాలకే, ప్లాస్టిక్ దారంతో నేసిన జెండా ఉద్యమమైంది. పాలిస్టరంటే మరేమిటి?

సూరత్‌ది స్వదేశీయే కదా అనొచ్చు. కాస్త దగ్గరకెళ్లి చూస్తే అక్కడా పొరలున్నాయి. ఆ ఊళ్లో వేగంగా నేసే వాటర్‌జెట్ మగ్గాల్లో చాలా భాగం చైనా నుంచి దిగినవే. మగ్గం వాళ్లది, దారం మనది, కూలీ ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడిది, లాభం సేటుది. ఈ జెండా ఏ దేశానిదని చెప్పాలి?

మనకు తెలిసిన ఉదాహరణ సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. వేల సాంచాలు పాలిస్టరు గుడ్డ నేస్తాయి. 2022లో స్వతంత్ర భారత వజ్రోత్సవాలకు తెలంగాణ ప్రభుత్వం 1.2 కోట్ల జెండాలు పంచాలనుకున్నప్పుడు రాష్ట్రంలోని నేతగాళ్లకు పని దొరికింది. బాగుంది. కానీ ఐదేళ్ల వెనక్కి వెళ్తే, 2017లో తొలిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు గడువు దగ్గర పడింది, సిరిసిల్ల సాంచాలు అంత సరుకు అందుకోలేకపోయాయి, కొంత భాగం సూరత్ నుంచి తెప్పించారు. నాసిరకమని చీరలు తగలబెట్టిన ఆడవాళ్లనూ చూశాం. తర్వాతి ఏళ్లలో ఆర్డరు నెలల ముందే ఇవ్వడం మొదలయ్యాక సిరిసిల్ల తట్టుకుంది. మగ్గాలు అవే, మనుషులు వాళ్లే. మారింది ఆర్డరు తేదీ ఒక్కటే. ఈ ఉదాహరణ దగ్గరే నా అభిప్రాయం గట్టిపడింది.

అమెరికా సంగతి చూస్తే ఇదే కథ ఇంకా పెద్ద తెర మీద ఆడుతుంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత వారంలోనే అక్కడ జెండాలు దొరకలేదు. ప్రతి గుమ్మానికీ, ప్రతి కారుకూ జెండా కావాలి. 1847 నుంచి జెండాలే కుడుతున్న యానిన్ లాంటి పాత కంపెనీలకూ అంత సరుకు చేతిలో లేదు. దుఃఖం ఆగదు, కార్ఖానా ఒక్క రాత్రిలో పెరగదు. ఆ లోటు తీర్చింది దిగుమతులు. ఏ జాతి గాయపడిందో ఆ జాతి జెండాను మహాసముద్రం అవతల కుట్టారు. ఆ తర్వాత కూడా అలవాటు మిగిలింది. 2015లో దిగుమతైన సుమారు 44 లక్షల డాలర్ల అమెరికా జెండాల్లో 40 లక్షల డాలర్ల విలువైనవి చైనావి. అయితే ఇది పెద్ద అంకె కాదని గమనించాలి. అక్కడి ఇళ్ల ముందు ఎగిరే పెద్ద జెండాలు ఎక్కువగా అక్కడే కుడతారు. ఊరేగింపుల్లో పిల్లలు ఊపి మర్నాడు చెత్తలో వేసే కర్ర జెండాలే ఎక్కువగా బయటివి. ఏడాదంతా ఉండే జెండా దేశంలో, ఒక పూట జెండా విదేశంలో. మన బేగంబజార్ బ్యాడ్జీ లెక్కా ఇదే.

అమెరికన్లు కనీసం గోల చేస్తారు. 2011 జనవరిలో వాషింగ్టన్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియం దుకాణంలో అమెరికా అధ్యక్షుల బొమ్మలు చైనావని సెనెటర్ బెర్నీ శాండర్స్ కంటపడింది. ఆయన నిలదీశాక ఆ మ్యూజియం ఒక దుకాణాన్ని పూర్తిగా స్వదేశీ సరుకుకే కేటాయించింది. అదే ఏడాది ఆవిష్కరించిన మార్టిన్ లూథర్ కింగ్ స్మారకాన్ని చెక్కిన శిల్పి చైనావాడు, రాయి చైనాదే. 2012 లండన్ ఒలింపిక్స్‌కు వాళ్ల జట్టు వేసుకున్న రాల్ఫ్ లారెన్ కోట్లు చైనాలో కుట్టినవని తెలిసి, సెనేట్ నాయకుడు హ్యారీ రీడ్ వాటిని కుప్పపోసి తగలబెట్టాలన్నాడు. రెండేళ్ల తర్వాత సోచీ ఆటలకు అదే కంపెనీ అమెరికాలోనే కుట్టించింది. అంటే చేతకాక కాదు, ఎవరూ అడగక.

రాజకీయం దీన్ని ఇంకా రంజుగా చేసింది. ట్రంప్ అధికారిక ఎర్రటోపీలు కాలిఫోర్నియాలోని కార్సన్‌లో కుట్టినవే. కానీ 2018లో చైనా అన్హుయ్ రాష్ట్రం ఫూయాంగ్‌లో ఆడవాళ్లు ఆయన రెండో ఎన్నికకు జెండాలు కుడుతున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. అప్పుడే చైనా సరుకు మీద సుంకాల యుద్ధం నడుస్తోంది. 2024లో ఆయన పేరుతో అమ్మిన దేశభక్తి బైబిల్ ధర 59.99 డాలర్లు. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు కస్టమ్స్ కాగితాలు తీస్తే హాంగ్‌జౌలో అచ్చయి, ఒక్కొక్కటి మూడు డాలర్ల లోపు ఖరీదుకు దిగుమతైనట్టు తేలింది. మిగతా యాభై ఏడు డాలర్లు దేనికిచ్చినట్టు? కాగితానికి కాదు, అచ్చుకూ కాదు. ఆ అట్ట మీది భావానికి. దేశభక్తి సరుకులో లాభమంతా భావంలో ఉంటుంది, ఖర్చంతా వస్తువులో ఉంటుంది. అందుకే వ్యాపారి ఖర్చును ఎక్కడ చవకో అక్కడికి పంపిస్తాడు, భావాన్ని మాత్రం ఇంట్లోనే ఉంచుకుంటాడు.

ఇంత జరిగాక 2024 జులైలో అమెరికా ఒక చిన్న చట్టం చేసింది. కేంద్ర ప్రభుత్వం కొనే ప్రతి జెండా నూటికి నూరుపాళ్లు అమెరికాలో పండిన, నేసిన, కుట్టిన సరుకై ఉండాలి. అంతకుముందు సగం చాలనేవారు. జనం ఏది కొనుక్కుంటారో వాళ్లిష్టం, సర్కారు జెండా మాత్రం ఇక్కడిదే. నాకు ఈ మధ్యేమార్గం నచ్చింది. మనం సరిగ్గా దీనికి ఎదురు దిశలో నడిచాం.

మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. పౌరసత్వం వచ్చిన ఏడాది గుమ్మానికి అమెరికా జెండా, న్యూయార్క్ మాడిసన్ అవెన్యూలో 1981 నుంచి జరిగే మన పంద్రాగస్టు ఊరేగింపుకు త్రివర్ణం, రెండూ ఆన్‌లైన్‌లో తెప్పించాడు. ఒకే పార్సిల్లో వచ్చాయి. అంచు మడత ఒకటే, కుట్టు ఒకటే, ఇత్తడి కన్నాలు ఒకటే. ఫోన్లో చూపిస్తూ, "మామయ్యా, రెండు దేశాలకూ దర్జీ ఒక్కడే" అన్నాడు. చైనాలో యీవూ అనే ఊరి టోకు బజారు ఉంది. అక్కడ దొరకని దేశపు జెండా ఉండదని ప్రతీతి. వాళ్లకు అన్ని దేశాలూ సమానమే, అంగుళాల లెక్కన.

బ్రిటన్ ముచ్చట ఒక్క వాక్యంలో సరిపోతుంది. యూరప్ నుంచి విడిపోయిన గుర్తుగా తెచ్చుకున్న నీలిరంగు పాస్‌పోర్టు కాంట్రాక్టు 2018లో ఫ్రెంచి-డచ్ కంపెనీకి పోయి, ఆ పుస్తకాలు పోలండ్‌లో తయారయ్యాయి.

మనవాళ్లు నవ్వేముందు మన జేబు చూసుకోవాలి. 1997-98లో నోట్ల కొరత వచ్చి రిజర్వు బ్యాంకు లక్ష కోట్ల రూపాయల విలువైన నోట్లు అమెరికా, బ్రిటన్, జర్మనీ కంపెనీల దగ్గర అచ్చేయించింది. నోటు మీద చిరునవ్వు నవ్వుతున్నది గాంధీజీ. 2018 అక్టోబరు 31న ఆవిష్కరించిన 182 మీటర్ల సర్దార్ పటేల్ విగ్రహానికి రూపం ఇచ్చింది మన రామ్ సుతార్. ఊరూరా తిరిగి రైతుల పాత ఇనుప పనిముట్లు సేకరించారు. పైన తొడిగిన కంచు పలకలు మాత్రం చైనాలోని నాంచాంగ్‌లో పోతపోసినవి. మొత్తం విలువలో అది 9 శాతం లోపేనని కట్టిన ఎల్ అండ్ టీ చెప్పింది. నిజమే. చిక్కేమిటంటే, మనిషి కంటికి ఆనేది ఆ 9 శాతమే. ముచ్చింతల్‌లో 2022 ఫిబ్రవరి 5న ప్రధాని ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహాన్నీ చైనా కంపెనీయే చేసింది. అది దైవభక్తి గనక ఈ లెక్కలో వేయను. అయితే అంత పోత మనకు చేతకాదన్న మాట మాత్రం నిలవదు. 2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ ఒడ్డున లేచిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కంచు తొడుగు ఇక్కడిదే, సుతార్ కార్ఖానాలో తయారైందే.

ఈ చర్చలో అందరూ మరిచే రెండో పక్క ఒకటుంది. పరాయి దేశాల దేశభక్తి సరుకు మనమూ చేస్తాం. వారణాసిలో లల్లాపురా వైపు జరీ పనివాళ్లు ఏ దేశపు సైనికాధికారి భుజం మీద కూర్చునే బ్యాడ్జీలనైనా బంగారు తీగతో కుట్టి పెడతారు. వేరే దేశాల ఓటరు వేలి మీద పడే చెరగని సిరా మైసూరు నుంచి పోతుంది, హైదరాబాద్‌లోని ఒక ప్రయోగశాల నుంచీ పోతుంది. ఆ దేశాల్లో ఏ వ్యాసకర్తైనా మన వారణాసి చేతిని చూసి సిగ్గుచేటంటే మనం ఒప్పుకుంటామా? అందుకే ‘విదేశీ’ అన్న మాట ఒక్కటే నేరం కాదంటాను. ఆ జరీ బ్యాడ్జీ కొన్నవాడు పనితనం చూసి కొన్నాడు. మా పదహారు ఆకుల బ్యాడ్జీ కొన్న నేను ధర చూసి కొన్నాను.

కోపంతో పని జరగదని కూడా లెక్కలు చెబుతాయి. 2020 జూన్‌లో గల్వాన్‌లో చైనాతో ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయాక చైనా సరుకు బహిష్కరణ ఊరూరా మోగింది. ఐపీఎల్ పేరు ముందు నుంచి చైనా ఫోన్ల కంపెనీ వివో ఆ ఏడాదికి తప్పుకుంది, మరుసటి ఏడాది తిరిగొచ్చింది. 2020-21లో చైనా నుంచి మన దిగుమతులు సుమారు 6,500 కోట్ల డాలర్లు. 2023-24కల్లా 10,000 కోట్ల డాలర్లు దాటాయి. ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువు ఏ దేశానిదో రాయాలన్న నిబంధన కూడా 2020లో గట్టిపడింది. రాస్తున్నారు. మా కార్యదర్శి గారు అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది, వెనక ఎవరు చూస్తారండీ అని.

నా తీర్పు ఇది. చేతిపట్టీ, బుడగ, బ్యాడ్జీ ఎక్కడివైనా వాటి గురించి గుండెలు బాదుకోనక్కర్లేదు. చీటీ మీద నిజం రాస్తే చాలు, చక్రంలో ఆకులు సరిగ్గా ఉంటే ఇంకా మంచిది. ఇంటి మీద ఎగరేసే పాతిక రూపాయల పాలిస్టరు జెండాను కూడా నేను తప్పుపట్టను. పేదింటికి జెండా చేరడం మంచిదే. కానీ కలెక్టరేటు మీద, పోలీస్ స్టేషన్ మీద, బడి మీద, పంచాయతీ మీద ఎగిరేది చేత్తో వడికి నేసిందే అయి ఉండాలి. దేశంలో ఉన్న లక్షల సర్కారు స్తంభాలకు ఏడాదికి ఒక్క జెండా కొన్నా అది రాట్నానికి పన్నెండు నెలల పని. 2021 సవరణ ఆ ఒక్క పనినీ కాపాడకుండా వదిలేసింది. తిరిగి రాసుకోవాల్సింది ఆ ఒక్క వాక్యం.

అది ఢిల్లీలో జరగాల్సిన పని. ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ప్రధానోపాధ్యాయులు, పంచాయతీ కార్యదర్శులు, కాలనీ సంఘాల వాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే నా మనవి: ఖాదీ భండారులో జెండా ఆర్డరు ఆగస్టులో ఇవ్వకండి, ఉగాదికి ఇవ్వండి. ఆగస్టులో అడిగితే వాళ్ల దగ్గర ఉండదు, మీరు మళ్లీ బేగంబజార్‌కే వెళ్తారు. మా సంఘం ఈ ఏడాది స్తంభం జెండాకు ఉగాది నాడే డబ్బు కట్టింది. పిల్లల బ్యాడ్జీలు మాత్రం, ఎంత వెతికినా, ఇంకా ఇక్కడివి దొరకలేదు.